సంతోష సంఖ్య

"మళ్ళీ అదేనా?" లెక్కల మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

బల్లకు అటువైపు కూర్చున్న కుట్టుపనామె చీటీని ముందుకు జరిపింది. దాని మీద 323323 అని ఉంది. నాలుగు రోజులుగా కుట్టుమిషను ఆపి మరీ మధ్యాహ్నం పూట వస్తోంది. వచ్చినప్పుడల్లా అదే చీటీ.

"అదే అంకెండీ. నిన్న బేసి అన్నారు. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే అన్నారు. ఇంకేమేం ఉన్నాయి దాంట్లో?"

"అంకె కాదమ్మా, సంఖ్య. అంకెలు ఆరున్నాయి అందులో."

మాస్టారికి బుర్ర వేడెక్కిపోతోంది. తాళం నంబరేమోనని మొన్న అడిగితే కాదంది. లాటరీయా అంటే నొచ్చుకుంది. ముప్పయ్యేళ్ళ సర్వీసులో పరీక్ష గట్టెక్కడానికి లెక్కలు నేర్చుకున్నవాళ్ళను ఎందరినో చూశాడు గానీ, ఒకే ఒక్క సంఖ్య కోసం వచ్చిన మనిషిని చూడలేదు.

"ఇది ఒంటరిదాండీ?"

"ప్రధాన సంఖ్యా అనా? కాదు. ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు, పంతొమ్మిది. వరసగా వచ్చే ఈ అయిదు ప్రధాన సంఖ్యల్నీ హెచ్చవేస్తే సరిగ్గా ఇదే వస్తుంది."

"అయితే తోడున్నారన్నమాట." ఆమె ఊపిరి పీల్చుకుంది.

తోడేమిటి? మాస్టారు తల గోక్కున్నాడు. వంటింట్లోంచి భార్య తొంగిచూసి, "ఆమెకేం కావాలో సరిగ్గా అడగరాదూ?" అంది.

"అడుగుతూనే ఉన్నానే! నాకే అర్థమై చావడం లేదు."

మళ్ళీ చీటీ వైపు తిరిగాడు. "ఇంకోటి. దీన్ని నిశ్శేషంగా భాగించేవాటిలో దీన్ని వదిలేసి మిగతావన్నీ కూడితే ఇందులో సగం కూడా రాదు. అలా తనకన్నా తక్కువ వచ్చేవాటిని లోటు సంఖ్యలంటాం."

ఆమె ముఖం వాడిపోయింది. "లోటా? నేనేం లోటు చేశానండీ?"

"నువ్వు చేయడమేమిటమ్మా! దాని గుణం అది."

ఆమె లేచింది. తానేమన్నాడో, ఆమెకెక్కడ తగిలిందో మాస్టారికి తెలియలేదు. అయినా ప్రాణం ఉసూరుమంది.

"ఆగు, ఆగు. ఇంకో రకం ఉంది. ఒక్కో అంకెనీ దానితోనే హెచ్చవేసి, వచ్చినవన్నీ కూడు. వచ్చినదానికి మళ్ళీ అలాగే చెయ్యి. చివరికి ఒకటి దగ్గర ఆగితే దాన్ని సంతోష సంఖ్య అంటారు."

"ఆగకపోతే?"

"తిరిగిన చోటే తిరుగుతూ ఉంటుంది. ఎప్పటికీ తెమలదు."

ఆమె మెల్లగా కూర్చుంది. పెన్సిలు తీసుకుంది. మూడు మూళ్ళు తొమ్మిది, రెండు రెళ్ళు నాలుగు అంటూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. మొత్తం నలభై నాలుగు. తర్వాత ముప్పై రెండు. ఆ తర్వాత పదమూడు. పది. చివరికి ఒకటి.

"వచ్చిందండీ! ఒకటే వచ్చింది!"

"మరి! సంతోష సంఖ్యే అది," అన్నాడు మాస్టారు, తనే నెగ్గినంత సంబరంగా.

ఆమె చీటీని గుండెకు హత్తుకుని బావురుమంది. మాస్టారు కొయ్యబారిపోయాడు. భార్య గబగబా మంచినీళ్ళు తెచ్చి, వీపు నిమిరి, "ఇంతకీ ఎవరిదమ్మా ఆ నంబరు?" అని అడిగింది.

"ఎవరో తెలియక పూడ్చేశారట, మా అబ్బాయి సమాధి మీద పేరు లేదండీ, ఇదొక్కటే ఉంది."