బొరుసు పడినవాళ్ళు

"ఇంకాసేపు నీ అరుగు మీదే కూర్చోబెట్టుకోనుంటే ఈ పిల్ల దక్కేది కాదు తాతా!"

ఏర్పేడు దగ్గరి పల్లెలో ఉన్న ఆ చిన్న ఆసుపత్రి వరండాలో డాక్టర్ ధరణి గొంతు ఖంగుమంది. లోపల మంచం మీద తేలు కుట్టిన పిల్ల చెమటతో తడిసి ముద్దై మూలుగుతోంది. మందు పడ్డాకే ఆ పిల్ల గుండెదడ కాస్త దారికొచ్చింది.

తేలు మంత్రం వేసే చిన్నబ్బ తువ్వాలు భుజాన సర్దుకున్నాడు.

"మా తాత కాలం నుంచి విషం దించతా ఉండాము తల్లీ. ఫోన్లో ఏసినా దిగుతాది. యాడన్నా అడిగి సూడు."

"తేలు నొప్పి చానామందికి దానంతటదే తగ్గుతుంది. నీ మంత్రానికే తగ్గిందని నీకెట్ల తెలిసింది?"

"నీ మందుకే తగ్గిందని నీకెట్ల తెలిసెనో?"

నర్సు కోమలి కిసుక్కున నవ్వింది. ధరణికి మాత్రం నవ్వు రాలేదు. తిరుపతి కాలేజీలో ఎమర్జెన్సీ వైద్యం పై చదువు చదువుతూ, కొన్నాళ్ళ పనికని ఇక్కడికి వచ్చింది ఆమె. పరిశోధన ఎలా చెయ్యాలో నేర్పే రఘునాథ్ సార్ క్లాసులో ప్రతిసారీ అడిగే ప్రశ్న సరిగ్గా ఇదే.

"మందు ఇచ్చినోళ్ళనీ ఇవ్వనోళ్ళనీ పోల్చి చూసి తెలుసుకున్నారు తాతా. నీ మంత్రాన్నీ అట్లే చూద్దామా?"

"సూడు. నేను గెలిస్తే?"

"ఇక్కడే నీకు కుర్చీ వేయిస్తా. ఓడితే మాత్రం, తేలు కుట్టినోళ్ళని నీ అరుగు ఎక్కనీకుండా నేరుగా నా దగ్గరికి పంపాల."

"మాటంటే మాటే," అన్నాడు చిన్నబ్బ.

ధరణి పట్టిన పట్టు విడిచే రకం కాదు. సార్ చుట్టూ, కాలేజీ కమిటీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి అనుమతి తెచ్చుకుంది. వచ్చినవాళ్ళకు విషయమంతా చెప్పి, ఒప్పుకున్నవాళ్ళనే పరీక్షలో చేర్చుకుంది. మందు మాత్రం అందరికీ, వచ్చిన క్షణమే. అందులో రాజీ లేదు.

చెనిక్కాయలు పీకే కాలమంతా చిన్నబ్బ సద్ది క్యారేజీ తెచ్చుకుని ఆసుపత్రి వెనక గదిలో కాపురం పెట్టాడు. ఎవరినైనా తేలు కుట్టి తీసుకొస్తే, ఆ గదిలో కోమలి రూపాయి బిళ్ళ ఎగరేసేది. బొమ్మ పడితే ఆయన మంత్రం వెయ్యాలి. బొరుసు పడితే పెదవి కదపకుండా ఊరికే కూర్చోవాలి. ఏది పడిందో గోడకు ఇవతలున్న రోగికీ తెలియదు, నొప్పి రాసుకునే ధరణికీ తెలియదు.

"నొప్పి పదికి ఎంతుందమ్మా?" అని మొదటిరోజు ఒకామెను అడిగింది ధరణి.

"పదేంది మా! రూపాయికి పదారణాలూ ఉండాది!" అని ఆమె కేకలు పెట్టింది.

ఆ రోజు నుంచి ధరణి నొప్పిని అణాల్లోనే రాసుకుంది. వచ్చినప్పుడు ఎన్ని అణాలు, గంట తర్వాత ఎన్ని అణాలు అని.

"తాతను కనిపెట్టి చూస్తున్నావా?" అని కోమలిని రోజూ అడిగేది.

"రెప్ప కొట్టకుండా మేడమ్. బొమ్మ పడితే గొణుగుతా ఉంటాడు. బొరుసు పడితే పెదవి గూడా కదపడు. కండ్లు మూసుకోని మొగం ముడుచుకుంటాడంతే. అలిగిన పెండ్లికొడుకు మాదిరి."

పంట ఇళ్ళు చేరాక రఘునాథ్ సార్ తిరుపతి నుంచి వచ్చి కాగితాలన్నీ ముందేసుకున్నాడు. చిన్నబ్బ గడప పక్కన గొంతుక్కూర్చున్నాడు. ధరణి చేతులు కట్టుకుని నిలబడింది.

"నొప్పి రాసింది ఎవరు?"

"నేనే సార్. ఏది పడిందో నాకు తెలియదు."

"మందులో తేడా?"

"లేదు సార్."

"మధ్యలో ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళు?"

"వాళ్ళ ఇళ్ళకు పోయి అడిగి రాసుకున్నాను. వాళ్ళను వదిలేస్తే మనకు నచ్చినవాళ్ళే మిగుల్తారు గదా సార్."

"బొరుసు పడినప్పుడు ఈయన నిజంగా ఊరుకున్నాడా?"

"పెదవి కదిపుంటే ఒట్టు సార్. నేను పక్కనే ఉన్నా," అంది కోమలి.

సార్ చివరి కాగితం తిప్పాడు. బొమ్మ పడినవాళ్ళకు ఎంత తగ్గిందో, బొరుసు పడినవాళ్ళకూ అంతే తగ్గింది. అణా కూడా తేడా లేదు.

"ఎక్కడ గిల్లినా ఊడలేదు ధరణీ," అన్నాడు సార్ కళ్ళజోడు తీసి. "గట్టి పని చేశావు."

ధరణి చిన్నబ్బ వైపు తిరిగింది. "ఏం తాతా, మాట మీద ఉంటావా?"

"ఎందుకుండనూ? ఈ పొద్దు నుంచి తేలు కుట్టినోళ్ళని నీ దగ్గిరికే తోలతా. నీ మందు గుండెకి మంచిది, ఈడ కూసోని అర్థం చేసుకున్నా."

ధరణికి గుండెల మీది బరువు దిగినట్టయింది. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"బాధగా లేదా తాతా? నీ మంత్రం లేకుండానే బొరుసు పడినోళ్ళకి అంత తగ్గిపోయిందే?"

చిన్నబ్బ ఆమెను వింతగా చూశాడు.

"లేకుండా యాడ తగ్గె తల్లీ? పెదవి కదపొద్దంటిరి, కదపలా. గోడవతల మనిషి అట్ల అరస్తా ఉంటే సూస్తా కూసుంటానా? బొరుసు పడినోళ్ళకి మనసులో ఏసినా. మనసులో ఏస్తే బలం తక్కువని, రెండేసి తూర్లు ఏసినా!"