పదకొండో నంబరు

“ఇయ్యాల ఆమె నీ బిడ్డ కాదు. సమజైందా?” అన్నాడు సర్కారు బడిలో బ్యాండు నేర్పే దశరథ్ సారు, గ్రౌండు గేటు దగ్గరే బక్కయ్యను పక్కకు లాగి.

బక్కయ్యకు సమజు కాలేదు. ఇస్త్రీ అంగీ నలుగుతుందని నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ దాకా బస్సులో నిలబడే వచ్చిన మనిషి, ఆ మాటకు అలాగే నిలబడిపోయాడు.

“అదేంది సారూ?”

“నువ్వు పెండ్లి బ్యాండుల డ్రమ్ము కొడ్తవ్. నీ ఎంబడి ఆమె గూడ రెండేండ్లు కొట్టింది. జడ్జీలకు తెలిసిందనుకో, గిది బడి పిల్ల కాదు, పైసలకు వాయించే పిల్ల అని పక్కకు వెడ్తరు. దగ్గరికి రాకు. పేరు పెట్టి పిలువకు. ఎవరన్న అడిగితే కూలి పని అని చెప్పు.”

“గట్లనే సారు.”

బక్కయ్య అయిదో తరగతిలోనే పలక పక్కన పెట్టి డ్రమ్ము మెడకు తగిలించుకున్నాడు. సారు ఒక మాట అన్నాడంటే అతనికి అది మాటే. పైగా ఈ సారు చేసిన మేలు చిన్నదా? మంచం పట్టిన తల్లికి గంజి కాస్తూ, లగ్గాల కాలంలో తండ్రి వెంట తిరుగుతూ ఎనిమిదితో చదువు మానేసిన పిల్ల. ఒక పెండ్లి బరాత్‌లో ఆమె చెయ్యి విని, రెండు నెలల కింద సారే వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు. “రిజిస్టర్ సంగతి నేను చూసుకుంట. నువ్వు బిడ్డను తోలియ్యి” అన్నాడు. బక్కయ్య కాళ్ల మీద పడబోతే రెక్క పట్టి లేపాడు. మర్నాటి నుంచి బిడ్డ మళ్లీ బడి బాట పట్టింది. బ్యాండు ప్రాక్టీసని చీకటి పడ్డాకే ఇల్లు చేరేది.

ఈ రోజు జిల్లా బడి బ్యాండ్ల పోటీ. గెలిచిన బడికి కప్పిస్తారు. ఆ కప్పు ఎవరికి పోయినా బక్కయ్యకు బాధ లేదు. అన్ని బ్యాండ్లలోకీ మేటి అనిపించుకున్న ఒక్కరికి మాత్రం హైదరాబాదులో సంగీతం నేర్పే బళ్లో సీటు. తిండీ హాస్టలూ చదువూ అన్నీ సర్కారువే. అతని పాణమంతా ఆ ఒక్క సీటు మీదే ఉంది. అది దొరికితే బిడ్డ ఊరేగింపుల ముందు జనరేటరు పొగ మింగుతూ నడవక్కర్లేదు. పెండ్లివాళ్లంతా తిని చేతులు కడిగేదాకా గోడవార కూర్చుని ఎదురుచూడక్కర్లేదు. ఇరవై ఏడేళ్లుగా అతను చూస్తూనే ఉన్నాడు ఆ ఎదురుచూపు.

జనానికి చివర, నీళ్ల ట్యాంకు నీడలో చోటు చూసుకున్నాడు. పక్కనే గోపమ్మ అని ఒకామె, కొడుకు ప్రైవేటు బడి బ్యాండులో బాకా ఊదుతాడని వచ్చినప్పటి నుంచి అందరికీ చెబుతూనే ఉంది.

“నీ పిల్లలున్నరా అన్నా ఈ బ్యాండ్లల్ల?”

“లేరక్కా. ఉత్తగనే సూద్దామని వచ్చిన.”

“గింత ఎండల ఉత్తగనా? పని లేదా?”

“కూలి పని. ఇయ్యాల దొరకలే.”

“కూలికి పోయేటోనికి ఇస్త్రీ అంగేందే, పెండ్లిపిలగాని లెక్క!” పకపకా నవ్విందామె. బక్కయ్య కూడా నవ్వాల్సి వచ్చింది.

తెల్ల బట్టలు, ఎర్ర టోపీలతో సర్కారు బడి ఆడపిల్లలు దిగారు. ఒక్కొక్కరి వీపు మీద ఒక్కో నంబరు. డ్రమ్ముల వరసలో చివరన పదకొండు. “బిడ్డా” అని నోటిదాకా వచ్చిన పిలుపును గుటకేశాడు.

నడక సగంలో ఉండగా పెద్ద డ్రమ్ము పిల్ల ఎండకు తూలి దెబ్బ తప్పింది. బాకాలు ఒక దారి, అడుగులు ఒక దారి అయిపోయాయి. గోపమ్మ కిసుక్కుమంది. అప్పుడు పదకొండో నంబరు డ్రమ్ము ఒక్కసారి గట్టిగా ఉరిమింది. చెదిరిన గొర్రెలను కాపరి అదిలించినట్టు, నాలుగు దెబ్బల్లో అందరినీ దారిలోకి తెచ్చింది.

“నీ ఏళ్లు ఊకుంటలేవేందే అన్నా?”

మోకాలి మీద దరువేస్తున్న వేళ్లను బక్కయ్య గుప్పిట్లో దాచాడు. “సలికక్కా.”

“గీ ఎండలనా!”

జడ్జీల్లో తల నెరిసినాయన లేచి మైకు అందుకున్నాడు. “ఆ పదకొండో నంబరు అమ్మాయి లేకపోతే ఈ బ్యాండు నడిమిట్లనే కూలిపోయేది. నా సర్వీసులో ఇట్లాంటి చెయ్యి చూడలేదు.”

గోపమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. “ఎవ్వల పిల్లనో, కన్నోళ్ల కడుపు సల్లగుండ. నీకెరుకనా అన్నా?”

“నాకెరుక లేదక్కా.”

అబద్ధం ఇంత తియ్యగా ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

మధ్యాహ్నం ఫలితాలు చదివారు. కప్పు గోపమ్మ కొడుకు బడికే పోయింది. ఆమె ఈలవేసినంత పని చేసింది. ఆ తర్వాత మైకు దగ్గరి మనిషి కాగితం తిరగేశాడు.

“అన్ని బ్యాండ్లలో మేటి. హైదరాబాదు సీటు. పదకొండో నంబరు...” జాబితా మీద వేలు జరిపి ఒక పేరు దగ్గర ఆపాడు. “కుమారి భాగ్యలక్ష్మి, పదో తరగతి!”

గ్రౌండంతా చప్పట్లు. కనుబొమల దాకా దిగిన ఎర్ర టోపీతో ఒక పిల్ల మెట్లెక్కింది. ఆమె భుజం మీద చెయ్యేసి దశరథ్ సారు కూడా ఎక్కాడు. సీటు కాగితం చేతికిస్తుంటే ఫొటోలు తళుక్కుమన్నాయి.

బక్కయ్య లేచి నిలబడ్డాడు. చప్పట్లకని ఎత్తిన చేతులు రొమ్ము దగ్గరే ఆగిపోయాయి. కళ్లలో నీళ్లు నిండి స్టేజీ అలికినట్టయింది.

“ఏందే అన్నా, నీ బిడ్డే అయినట్టు ఏడుస్తున్నవ్?” అంది గోపమ్మ.

పొద్దుటి నుంచి ఎరుక లేదన్న నోటితో ఇప్పుడేం చెబుతాడు? డ్రమ్ముల పిల్లల వెనక, వీపు మీద నంబరు లేకుండా, అతని బిడ్డ కిందనే నిలబడి ఉంది.

బక్కయ్య బిడ్డ పేరు నాగరాణి.