శుక్రవారం బోణీ

షట్టరు లేచిందో లేదో, ఆవిడ గుమ్మంలో ఉంది.

"చేతిరుమాలు ఒకటి ఇవ్వమ్మా."

సింధూరికి చిరాకేసింది. విజయవాడలో పట్టుచీరలకు పేరుమోసిన ఆ కొట్టుకి తను మేనేజరు. శుక్రవారం బోణీ చేతిరుమాలుతోనా? ఇది వరసగా తొమ్మిదో వారం.

యాభై దాటిన మనిషి. ముతక నూలుచీర, గుడ్డసంచి. తలుపు పట్టుకుని ఆచితూచి లోపలికొస్తుంది. రుమాలు కొన్నాకైనా కదులుతుందా అంటే, అదీ లేదు. ఊడ్చే మనిషి వచ్చి గడప తుడిచేదాకా అక్కడే నిలబడుతుంది.

శుక్రవారం తెరవగానే ఆ గడప మీద పసుపునీళ్ళు చల్లి కొబ్బరికాయ కొడతారు. బోణీ అయ్యేదాకా ఆ తడి తుడవకూడదు. తుడిస్తే వచ్చే లక్ష్మిని గెంటేసినట్టేనని ఓనరు వెంకటకృష్ణారావు గారి నమ్మకం.

కిందేమో అద్దంలాంటి గ్రానైటు. జనమేమో చెప్పులు బయట వదిలి వస్తారు. వేసవిలో ముగ్గురు పడ్డారు, ముగ్గురూ శుక్రవారం పొద్దున్నే. ఒకాయన వినియోగదారుల కోర్టుకెక్కాడు.

"ఇంకొకళ్ళు పడితే నీ ఉద్యోగం ఉండదు" అని ఓనరు సింధూరికి తేల్చి చెప్పేశారు. తడి తుడిపిస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. పాపం, సింధూరికి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చివరికి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించారు. ఆ తర్వాత ఎవరూ పడలేదు.

"చూశావా, అంతా దిష్టే" అన్నారు ఓనరు.

ఈ తొమ్మిదో శుక్రవారం పైగదిలోంచి కెమెరాలో చూసి ఫోన్ చేశారాయన. "ఎవరమ్మా ఆవిడ? గడపకేసి అలా చూస్తోందేంటి? ఆ కోర్టుకెళ్ళినాయన తరఫు మనిషేమో కనుక్కో."

సింధూరికీ అదే తొలుస్తోంది.

"ఏ ఊరండీ మీది?"

"ఉయ్యూరమ్మా. ఉద్యోగం ఇక్కడే, వెనక వీధిలో."

"ఇన్ని రుమాళ్ళు ఏం చేసుకుంటారు?"

"ఏడ్చేవాళ్ళు చాలామంది తగులుతారు తల్లీ, వాళ్ళకిస్తా" అని నవ్వింది. "బోణీ అయిందిగా, గడప తుడిపించవా?"

అనుమానం పెరిగిందే గాని తీరలేదు.

సాయంత్రం ఓనరు చెప్పారు. "వచ్చే శుక్రవారం చల్లపల్లి నుంచి పెళ్ళివారొస్తున్నారు. బోణీ వాళ్ళదే అవ్వాలి. ఆ రుమాళ్ళావిడని రానివ్వకు."

ఆ శుక్రవారం సింధూరి ఆవిడని మెట్ల మీదే ఆపేసింది.

"ఇవాళ బోణీ వేరేవాళ్ళదండీ. మీరు పదకొండు దాటాక రండి."

"అప్పుడొచ్చి ఏం చెయ్యనమ్మా?"

ఆవిడ గడపకేసి చూసింది. "పోనీ, ఒక గోనెపట్టా అయినా వేయించు తల్లీ" అని వెళ్ళిపోయింది.

సింధూరికి వేయిద్దామనే అనిపించింది. పైన కెమెరా గుర్తొచ్చి ఊరుకుంది.

పావుగంటకి పెళ్ళివారి కారు వచ్చింది. పెద్దావిడ చేత్తో బోణీ కావాలని పెళ్ళికూతురి నాయనమ్మ పద్మావతమ్మ గారిని ముందు నడిపించారు. ఆవిడ కుడికాలు లోపల పెట్టింది. ఆ కాలు నిలవలేదు.

అదే కారులో వెనక వీధిలో ఉన్న ఎముకల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సింధూరీ వెంట వెళ్ళింది. చీలమండ విరిగింది. పెద్దావిడ మూలుగుతుంటే సింధూరికి ఏడుపొచ్చింది. ఉద్యోగం సంగతి అప్పుడు గుర్తే లేదు. పట్టా వేయించి ఉంటే అన్న ఒక్క మాటే లోపల కోస్తోంది.

"పిండికట్టు వెయ్యాలి, మార్తమ్మని పిలవండి" అన్నాడు డాక్టరు.

తడిపిన పట్టీచుట్టతో లోపలికొచ్చిన మనిషిని చూసి సింధూరి లేచి నిలబడింది.

"మీరా?"

ఆవిడ ముందు పద్మావతమ్మ గారి దగ్గర కూర్చుంది. "కాస్త ఓర్చుకోండి పెద్దమ్మగారూ, నా భుజం పట్టుకోండి" అని కాలు ఒళ్ళోకి తీసుకుంది.

"మీ కొట్టులో పడ్డ ముగ్గురికీ కట్టు కట్టింది నేనేనమ్మా" అంది తలెత్తకుండానే, "నాలుగో కాలు నా ఒళ్ళోకి రాకూడదనే ఆ తొమ్మిది వారాలూ బోణీ చేశాను."