కాలి కింద కేబుల్

అమెరికాలోని డులూత్‌లో ఓ పెళ్లిలో పోల్కా నాట్యం ఊపందుకున్నాక ఓర్విల్ కంట పడింది ఆ కేబుల్. డిజిటల్ ఆంప్లిఫయర్ నుంచి అతని బేస్ గిటార్ మోతను హాల్ స్పీకర్లకు చేర్చాల్సింది, ఊడి నేల మీదుంది.

ముందున్న చిన్న మానిటర్ స్పీకర్‌లో తన వాయింపు తనకు నిక్షేపంలా వినిపిస్తోంది. జనానికే అందడం లేదు.

వంగి కేబుల్ అందుకోబోతే, పక్కన కీబోర్డు వాయిస్తున్న భార్య వెర్నా దాన్ని బూటుతో తొక్కిపట్టింది.

"కాలు తియ్యవే! ఊడిపోయింది, కనపడట్లా?"

"నేనే పీకాను. నువ్వు వాయించు."

"మరి బేస్ లేకుండానే చిందులేస్తున్నారా వీళ్లంతా?"

అప్పుడు చూశాడు ఆమె ఎడమ చేతిని. కీబోర్డు మంద్రస్వరాల మీద అది ఓర్విల్ బేస్ వరసనే, ఎక్కడా తడబడకుండా వాయిస్తోంది. పక్షవాతం వచ్చి తగ్గాక అతని వేళ్లు అలా ఆడిందే లేదు.

"ఎన్నాళ్లుగా?"

"నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ."

"అయితే ఇక ఎవరికి వినపడాలని వాయించను?"

వెర్నా కేబుల్ మీది కాలు తీసింది. ఆ కాలితోనే మానిటర్‌ను తన వైపు తిప్పుకుంది.

"నాకు. ఆపావంటే చంపేస్తా."

కేబుల్ అతని చేతికందే దూరంలోనే ఉంది. ఓర్విల్ దాన్ని వదిలేసి, చివరి చరణంలో మోత పెంచడానికి ఎప్పుడూ నొక్కే గిటార్ పెడల్‌ను గట్టిగా నొక్కాడు.