సెలవులు పాటించే దొంగ

"దొంగ దొరికాడమ్మా," అన్నాడు మెకానిక్, చెప్పుల బీరువా మీదున్న వైఫై డబ్బా ముందు నుంచి కదలకుండానే. "మీ కంప్యూటరు, మీ ఫోను, టీవీ, సాయంత్రాలు సార్ ఫోను. ఇవి కాక ఇంకోటుంది చూడండి. పేరు లేని ల్యాప్‌టాప్."

లెక్కల టీచరమ్మ అతని భుజం మీంచి తొంగి చూసింది. ఇంట్లో కూచుని ఆన్‌లైన్‌లో పిల్లలకి లెక్కలు చెప్పుకునే మనిషి ఆవిడ. ఈమధ్య పాఠం సగంలో ఉండగా తెర బిగుసుకుపోతోంది. తల్లులు ఫోన్లు చేసి సణుగుతున్నారు. ఇద్దరు పిల్లలు మానేశారు కూడా. ఇంకో నలుగురు మానేస్తే ఇక ఆ పనికి నీళ్లు వదులుకోవాల్సిందే.

"ఎప్పట్నించి ఉన్నాడు?"

"రెండు నెలలు. పొద్దున తొమ్మిదిన్నరకి ఎక్కుతున్నాడు, సాయంత్రం అయిదున్నరకి దిగుతున్నాడు. శని, ఆదివారాలు మాత్రం రాడు." మెకానిక్ నవ్వాడు. "నా సర్వీసులో సెలవులు పాటించే దొంగని ఇప్పుడే చూస్తున్నా."

ఆమెకి నవ్వు రాలేదు. "ఎవరై ఉంటారు?"

"ఎక్కువ దూరం అందదమ్మా ఇది. ఈ చివరి అంతస్తులో ఫోన్ నెట్ కూడా అంతంతమాత్రం. అందుకే మీ వైఫై మీద పడ్డారు."

ఆ అంతస్తులో ఉన్నవి రెండే ఇళ్లు. రెండోది ఎదురింటి టైలరమ్మది. ఆవిడ శుక్రవారం సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పి కూతురింటికి వెళ్తుంది, సోమవారం పొద్దున్నే తిరిగొస్తుంది. లెక్క సరిపోయింది. లెక్కల టీచరమ్మకి లెక్క సరిపోయాక ఇంకేం కావాలి?

భర్తకి ఓ మాట చెబుదామా అనుకుంది. పదకొండు నుంచి పన్నెండు దాకా పెద్ద మీటింగుంది, ఫోన్ చెయ్యకు అని పొద్దున ఇస్త్రీ చొక్కాకే మళ్లీ ఇస్త్రీ చేసుకుంటూ చెప్పి వెళ్లాడు. అయినా ఆయన చేసేదేముంది. "పాస్‌వర్డ్ జోలికి పోకు, ఆదివారం నేను చూస్తా" అనడమే తప్ప, ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆయనతో అయ్యే పని కాదనే ఇవాళ తనే మెకానిక్‌ని పిలిపించుకుంది.

తలుపు తీసేసరికి టైలరమ్మ మేడమీంచి దిగుతోంది. మెడలో టేపు, చేతిలో ఖాళీ టీ గ్లాసు.

"పిన్నిగారూ, మీ దగ్గర ల్యాప్‌టాప్ ఉందా?"

"నా మొహం, నాకెందుకమ్మా అవన్నీ?"

"మా వైఫై ఎవరో దొంగతనంగా వాడుకుంటున్నారు. రెండు నెలల్నించి, సోమవారం మొదలు శుక్రవారం దాకా. పాస్‌వర్డ్ మార్చేస్తున్నాం."

టైలరమ్మ చివరి మెట్టు మీదే ఆగిపోయింది. "ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

టైలరమ్మ ఒకసారి వెనక్కి తిరిగి పైకి చూసింది. గ్లాసు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "నేనేనమ్మా," అంది. "మా అల్లుడి ల్యాప్‌టాపు తెచ్చి వాడుకున్నాను. తప్పయింది. మార్చుకో, వద్దనను. పన్నెండు దాటాక మార్చుకో."

టీచరమ్మకి ఒళ్లు మండిపోయింది. లేదు లేదంటూనే ఒప్పుకుంది, పైగా దొరికాక గడువు కూడా అడుగుతోంది. "పాస్‌వర్డ్ మీకెలా తెలిసింది? మా ఇంటి తాళాలు మీ చేతికిచ్చి వెళ్లామే, అప్పుడు చూసి రాసుకున్నారా?"

టైలరమ్మ అవునన్నట్టు తలూపింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. సొంత పిన్నిలా చూసుకున్నాను మిమ్మల్ని. నా పిల్లలు ఒక్కొక్కరే మానేస్తుంటే నా దగ్గర కూచుని అయ్యో పాపం అన్నారు కూడా."

"ఎన్నన్నా పడతాను. ఒక్క గంట ఆగమ్మా. నీకు దణ్ణం పెడతాను."

"గంటలో ఏం కొంపలు మునుగుతాయి?"

టైలరమ్మ నోరు తెరిచింది. ఎవరికో మాటిచ్చినట్టు మళ్లీ మూసుకుంది. "నీ మంచికే చెబుతున్నా," అని మాత్రం అంది.

"మీరు నా మంచి చూడక్కర్లేదు. తాళాలిచ్చెయ్యండి. ఇక మా గడప తొక్కకండి."

టైలరమ్మ లోపలికి వెళ్లి తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. టీచరమ్మకి ఒక్క క్షణం జాలి వేసింది గాని, మానేసిన ఇద్దరు పిల్లలూ గుర్తొచ్చి అది కాస్తా ఎగిరిపోయింది.

"మార్చెయ్యండి," అంది లోపలికొచ్చి.

గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. మెకానిక్ పదహారు అక్షరాల పాస్‌వర్డ్ కొట్టాడు. అందులో అంకెలున్నాయి, చుక్కలున్నాయి, ఏమిటో చెప్పలేని గుర్తులు కూడా ఉన్నాయి. డబ్బా మీద దీపాలన్నీ ఆరి, ఒక్కొక్కటే వెలిగాయి. పేరు లేని ల్యాప్‌టాప్ జాబితాలోంచి మాయమైంది.

"ఇక చీమ కూడా దూరదమ్మా," అన్నాడు.

ఆమె ఆ పదహారు అక్షరాలూ కాగితం మీద రాసుకుంది. రెండు నెలల కడుపుమంట చల్లారినట్టయింది. తలుపు వేద్దామని వెళ్తే, టైలరమ్మ ఇంకా తన గుమ్మంలోనే నిలబడి మేడమెట్ల వైపు చూస్తోంది.

అప్పుడే ఫోన్ మోగింది. భర్త.

"పాస్‌వర్డ్ గానీ మార్చావా?" అన్నాడు. "కొత్తది చెప్పు, తొందరగా. ఇంటర్వ్యూ మధ్యలో తెగిపోయింది. వాళ్లు ఎక్కువసేపు ఆగరు."

"ఇంటర్వ్యూ ఏంటి? ఆఫీసులో ఉన్న మీకు మన వైఫైతో..."



"చెప్పవే, నీకు పుణ్యముంటుంది," అన్నాడతను. ఆ మాట ఆమెకి ఫోన్‌లో కంటే ముందు మేడమెట్ల మీంచి వినిపించింది.