ఎర్ర గడి

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు పెద్దాయనను మూడో మిషన్ నుంచి తీసేశారు. రేకు నొక్కి డబ్బా మూతలు చేసే ఆ మిషన్‌ను ఆయన ఇరవై రెండేళ్లు నడిపాడు.

కారణం ఒక రంగుల పటం. ఫ్యాక్టరీలో దేనితో పాటు ఏ ఖర్చు పెరుగుతోందో అది గడుల్లో చూపిస్తుంది. సంబంధం బలపడేకొద్దీ గడి ఎర్రబడుతుంది. మూడో మిషన్, వృథా రేకు కలిసే గడి అన్నిటికన్నా ఎర్రగా ఉంది. పటం తయారుచేసిన విశ్లేషకురాలు సమావేశంలో దాని మీద వేలు పెట్టి, "ఇక్కడే పోతోంది సార్" అంది. పెద్దాయన వెనక నిలబడి విన్నాడు.

మధ్యాహ్నం ఆమె మూడో మిషన్ దగ్గరికి వెళ్లేసరికి ఆయన పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దుకుంటున్నాడు.

"మీ దగ్గరే అంత వృథా ఎందుకు బాబాయ్?"

"వంకర రేకులన్నీ నాకే పంపుతారు కదమ్మా. వేరేవాళ్లయితే మొత్తం పారేస్తారు, నేను సగమైనా నిలబెడతా. ఆసుపత్రికి ఆరోగ్యంగా ఉన్నోళ్లు వస్తారా ఏంటి?"

"అలా పంపమని ఎవరన్నారు?"

ఆయన మిషన్ పక్కన అతికించిన కాగితం చూపించాడు. "వంకర రేకులు మూడో మిషన్‌కే." నాలుగేళ్ల కిందట స్టోర్సులో పనిచేసినప్పుడు ఆమె రాసింది. కింద ఆమె సంతకమే ఉంది.

"పొద్దున అందరి ముందూ చెప్పొచ్చు కదా బాబాయ్!"

"నీకు గుర్తుంటుందనుకున్నా."

బుధవారం తొమ్మిదింటికి, వృథా ఎక్కడో కనిపెట్టినందుకు ఆమెకు అభినందన సభ. కుర్చీలు వేసే పని పెద్దాయనకు అప్పగించారు.