చీలిన మొహం

చింతతోపు కోసం జరిగిన కోతుల యుద్ధంలో, శత్రునాయకుడు గండయ్య కాటుకు కుర్రకోతి పోతుగాడి మొహం సగానికి చీలింది. కన్నతల్లే వాణ్ని గుర్తుపట్టలేదు.

పుండు మానగానే వాడు ఏరు దాటి, శత్రువుల గుంపు ఉండే ఒడ్డుకు చేరాడు. “ఇవాళ వాడో నేనో” అనుకుంటూ కొమ్మల మీంచి ఉరికి, గండయ్య ముందు దూకాడు.

గండయ్యకు తన పంటిగాటు తనకే తెలియలేదు.

“అయ్యో, ఏ పాపిష్టోడు చేశాడురా ఇది?” అంటూ దగ్గరకు లాక్కుని పేలు చూడసాగాడు. పేలు చూసిన చేతిని కరవకూడదన్నది కోతుల కట్టుబాటు. పోతుగాడు పళ్ళు నూరాడు.

“వాడి పేరు చెప్పు, బిడ్డా. ఇద్దరం కలిసి చీల్చేద్దాం.”

పోతుగాడు చాలాసేపు ఆ ముసలి మొహంలోకి చూశాడు.

“పేరు మర్చిపోయాను, పెదనాన్నా,” అన్నాడు. “చెవి వెనక ఇంకోటి కుడుతోంది, చూడు.”